మూర్ఛరోగపు బిడ్డల జ్ఞాపకశక్తి: ఒక వైద్యచరిత్ర

1841వ సంవత్సరపు ఫిబ్రవరిలో లండను నగరమునుండి వెలువడు లాన్సెట్ అను వైద్యపత్రికలో ఒక లేఖ అచ్చయ్యెను. దానిని వ్రాసినవాడు కెంటు మండలములోని టన్‌బ్రిడ్జిలో వైద్యము చేయుచుండిన విలియం వెస్టు. అందు వర్ణింపబడిన రోగి ఆయన కన్నకొడుకు. ఏడాదియైనను నిండని ఆ పసివాడు నాలుగవ నెలవరకు అందరు బిడ్డలవలెనే ఆరోగ్యముగా నుండి, పిమ్మట తల కొద్దికొద్దిగా ముందుకు వంచసాగెను. రానురాను ఆ వంగుట బలపడి తల మోకాళ్ళమీదికి వాలునంతదాకా వచ్చెను. వాలిన తల వెంటనే లేచును. కొన్ని క్షణములకు మరల వాలును. ఇట్లు ఒక్కొక్క విడతకు పదిమార్లు, ఇరువదిమార్లు జరిగి రెండు మూడు నిమిషములలో ముగియును. విడతకు ముందు బిడ్డ చలాకీగా కదలుచుండుననియు, ఉన్నట్టుండి తల క్రిందికి, మోకాళ్ళు పైకి వచ్చి, బెదరినవానివలె కెవ్వున నరచుననియు తండ్రి వ్రాసినాడు. జలగలు పట్టించెను, తలకు చల్లని పట్టీలు వేసెను, చిగుళ్ళు కోసెను, పాదరసపు భేదిమందిచ్చెను, నల్లమందును ఇచ్చెను, ఏదియు పనిచేయలేదు.

మూర్ఛలను వర్ణించి ఊరకుండక ఆయన మరియొక సంగతి కూడ ఆ లేఖలో వ్రాసెను. బిడ్డ నవ్వడు, ఎవరిని గమనింపడు, మెడ నిలుపలేడు. ఆ వయస్సు పిల్లలకుండవలసిన తెలివి ఛాయలు వానిలో కనబడవు. లండనుకు తీసికొనిపోయి సర్ చార్లెస్ క్లార్కు, డాక్టరు లోకాక్ అను ఇద్దరు ప్రసిద్ధ వైద్యులకు చూపగా, అంతటి అనుభవముగల క్లార్కు జీవితకాలములో అట్టి కేసులు నాలుగే చూచితిననెను; లోకాక్ రెండే చూచియుండెను. తల వంచు తీరునుబట్టి క్లార్కు దానికి సలాము మూర్ఛ యని పేరు పెట్టియుండెను. ఆ బాలుడు కోలుకొనలేదు, యౌవనారంభముననే మరణించెను. మూర్ఛయు, బుద్ధి వికసింపకపోవుటయు ఒకే బిడ్డయందు ఒకే కాలమున తలయెత్తుటను ఇంత స్పష్టముగా, ఇంత దగ్గరనుండి చూచి వ్రాసినవాడు అంతకుముందు లేడు. నేడు ఆ వ్యాధి వెస్టు పేరుతోనే పిలువబడుచున్నది.

అపస్మారమునకును స్మృతికిని గల సంబంధము ప్రాచీనులకు తెలియనిది కాదు. చరకసంహిత ఈ రోగమును లక్షించునపుడే స్మృతి, బుద్ధి, సత్త్వము అను మూడింటి కల్లోలమును ముందుంచి, శరీరపు వికృతచేష్టలను తరువాత చెప్పినది. గ్రీసుదేశమున హిప్పోక్రటీసు సంప్రదాయమువారు, క్రీస్తునకు పూర్వము 400 ప్రాంతమున, ఈ రోగమునకు దేవతాగ్రహము కారణము కాదనియు, మెదడే మూలమనియు వాదించుచు, పలుమార్లు మూర్ఛ వచ్చిన పిల్లలు దాని రాకను ముందే పసికట్టి తల్లియొద్దకో, తెలిసినవారియొద్దకో పరుగెత్తుదురని గమనించిరి. అంతటి సూక్ష్మదృష్టి పిమ్మట ఎన్ని శతాబ్దములో మరుగునపడినది. మనయిండ్లలో మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, ముక్కునకు ఉల్లిపాయ చూపుట నేటికిని పోలేదు. అవి అంతగా కీడు చేయునవి కావు. కీడు చేసిన మాట వేరొకటి కలదు: “చదువు బరువుకు మళ్ళీ వస్తుందేమో, బడి మాన్పించండి.” ఆ మాట తెలుగుదేశమున మాత్రమే పుట్టినది కాదు, పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా అంతయు శాస్త్రము పేరిట, చట్టము పేరిట దానినే పలికినది.

ఆ కథకు పారిసు నగరము నడిబొడ్డు. అచ్చటి సాల్పెత్రియేరు ఆసుపత్రిలో స్త్రీలు, బిసేత్రులో పురుషులు, బాలురు, ఉన్మాదులతోపాటు మూర్ఛరోగులును గోడల నడుమ జీవితములు వెళ్ళబుచ్చుచుండిరి. 1825లో బూషే, కజోవియేయి అను ఇద్దరు యువవైద్యులు అట్టి మృతుల మెదళ్ళను పరీక్షించి, కణతల లోపలిభాగమున సముద్రగుఱ్ఱపు ఆకృతిలో ముడుచుకొనియుండు ఒక చిన్న భాగము కొందరిలో గట్టిపడి కుదించుకొనిపోయినదని వ్రాసిరి. ఆ భాగమునకు జ్ఞాపకశక్తితో ఏమి పని యున్నదో వారికి తెలియుటకు వీలులేదు. అది తెలియుటకు ఇంక నూరేండ్లకు పైగా పట్టవలసియుండెను. 1879లో బిసేత్రులోని పిల్లల విభాగమునకు పెద్దగా వచ్చిన బూర్న్‌విల్ మాత్రము మెదళ్ళను కోసి చూచుటతో తృప్తిపడలేదు. మూర్ఛలతోను, బుద్ధిమాంద్యముతోను వచ్చిన బాలురకు అక్షరములు, నడక, తిండి తినుటవంటివి ఓర్పుతో నేర్పించి, పెద్దవారికి వడ్రంగము, కుట్టుపని, అచ్చుపని చెప్పించెను. ఆయన యేటేట వెలువరించిన వైద్యనివేదికలు బిసేత్రు బాలుర ముద్రణాలయముననే అచ్చయినవి. ఏ బిడ్డలు చదువునకు పనికిరారని లోకము నిశ్చయించినదో, ఆ బిడ్డలే తమ వ్యాధిని గూర్చిన గ్రంథమునకు అక్షరములు కూర్చిరన్నమాట. వైద్యచరిత్రలో నాకింత ప్రియమైన ఘట్టము మరియొకటి లేదు.

కాని బూర్న్‌విల్ మార్గమును అనుసరించినవారు కొద్దిమందియే. జర్మనీలో బీలెఫెల్డు చెంత బెతెల్, అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు క్రెయిగ్ కాలనీ, ఇంగ్లండులో చాల్ఫంటు, ఇట్లు ఆ శతాబ్దపు చివరి దశకములలో మూర్ఛరోగులకై వేర్వేరుగా కాలనీలు వెలసినవి. అందు దయ లేదనలేము. పొలమున్నది, పనియున్నది, మందున్నది. ఐనను అవన్నియు ఊరికి దూరమున నుండినవి. 1899లో ఇంగ్లండు పార్లమెంటు లోపముగల బాలలకును, మూర్ఛగల బాలలకును ప్రాథమికవిద్యను గూర్చి ప్రత్యేకచట్టము చేసెను. మూర్ఛబిడ్డకును చదువుచెప్పవలెనని ఒక రాజ్యము చట్టములో వ్రాసికొనుట గొప్ప విషయమే. కాని ఆ చట్టము స్థానికసంస్థలకు అధికారమిచ్చినదేగాని బాధ్యత పెట్టలేదు. మామూలు బడినుండి తీసివేయుటకు మూర్ఛ ఒక చాలిన కారణమన్న భావమును స్థిరపరచినది. లింగ్‌ఫీల్డు వంటి ఒకటి రెండు చోట్ల బడులు లేచినవి. తక్కిన పిల్లలు ఇంటిమూలలకు చేరిరి.

ఇంతలో బుద్ధిని కొలుచు పద్ధతి వచ్చెను. బినె, సీమాను అను ఫ్రెంచివారు 1905లో రూపొందించిన పరీక్షను, కొద్దియేండ్లకే అమెరికాలోని స్కిల్‌మన్ మూర్ఛరోగుల గ్రామమున వాలిన్ అను మనశ్శాస్త్రవేత్త ప్రయోగించెను. మూర్ఛగలవారి బుద్ధి సామాన్యముగా తక్కువయని ఇట్టి లెక్కలు చెప్పినట్లయినది. ఆ గ్రామమున చేరినవారెవరు? ఇంట నుంచుకొనలేనంత తీవ్రముగా మూర్ఛలు వచ్చువారు, మెదడు ముందే దెబ్బతిన్నవారు, బీదవారు, బడిముఖము చూడనివారు. వారిని కొలిచి వచ్చిన అంకెను రోగులందరికిని అంటగట్టిరి. దాని ఫలము పరీక్షాపత్రములయందే నిలువలేదు. 1895లోనే కనెక్టికటు రాష్ట్రము మూర్ఛరోగుల వివాహమును నిషేధించియుండెను. 1924లో వర్జీనియా బలవంతపు సంతాననిరోధశస్త్రచికిత్సకు చట్టము చేసెను. 1933లో జర్మనీ వంశపారంపర్యమైన మూర్ఛను అట్టి చట్టమున చేర్చెను. మనదేశమున 1955నాటి హిందూవివాహచట్టమునందును 1976 సవరణతో మూర్ఛ ఒక అడ్డంకిగా చేరి, 1999లోగాని తొలగింపబడలేదు. బడిలో ఒక పిల్లవాడు పాఠము మరచిపోవుటకును, ఈ చట్టములకును నడుమ దూరము చాల తక్కువ. మందబుద్ధి రోగమున సహజాంశమన్న ఒక్క నమ్మకమే రెండింటిని కలిపినది.

ఆ నమ్మకమును తొలుత కదల్చవలసినది మందుల చరిత్ర. వెస్టు కుమారుని చూచిన లోకాక్ వైద్యుడే 1857లో లండను వైద్యసభలో, స్త్రీలకు ఋతుకాలమున వచ్చు కొన్ని మూర్ఛలకు పొటాసియం బ్రోమైడు పనిచేయుచున్నదని ప్రసంగవశమున చెప్పెను. పదియిరువదియేండ్లలో ఆ ఉప్పు లోకమంతట వ్యాపించినది. మూర్ఛలు నిజముగా తగ్గినవి. కాని బ్రోమైడు దేహమునుండి మెల్లగాగాని వెలువడదు; రోజురోజునకు ప్రోగుపడును. ముఖమున పొక్కులు, తొట్రుపడు నాలుక, ఎడతెగని మగత, అడిగిన ప్రశ్నకు ఆలస్యముగా వచ్చు జవాబు, జ్ఞప్తి సడలుట, ఇవియన్నియు దాని పోగుబాటు లక్షణములు. ఒక కాలనీలో బల్లకు చేరగిలబడి కునికిపాట్లు పడుచున్న బాలుని చూచి, ఇది రోగపు మాంద్యమా, ఉప్పు తెచ్చిన మాంద్యమా అని తేల్చుట ఎట్లు? బహుకాలము అందరును రోగమునే నిందించిరి.

1912లో ఫ్రైబుర్గునందు హౌప్ట్‌మన్ అను యువవైద్యుడు, రోగులను నిద్రపుచ్చుటకై లూమినాల్ అను క్రొత్తమందు నిచ్చుచు, దానివలన మూర్ఛలు తగ్గుటను గమనించి ప్రకటించెను. అదియే మన యిండ్లలో గార్డినాల్ మాత్ర యని పేరుపడిన ఫీనోబార్బిటోన్. కోట్లమందిని మూర్ఛనుండి కాచిన ఈ మందును గుర్తించిన హౌప్ట్‌మన్, యూదుడగుటచే నాజీల పాలనలో ఆచార్యపదవి పోగొట్టుకొని, 1938లో డాఖావు నిర్బంధశిబిరమునకు పంపబడి, విడుదలైన పిమ్మట అమెరికాకు చేరి 1948లో మరణించెను.

1929లో హాన్సు బెర్గరు మానవుని మెదడు విద్యుత్తరంగములను కాగితముమీదికి దించిన వార్త ప్రకటితమైన పిమ్మట విషయము క్రొత్తదారి పట్టినది. బోస్టను నగరమున గిబ్సు, డేవిసు, లెన్నాక్సు అనువారు 1935లో, చిన్నమూర్ఛ వచ్చినపుడు సెకనుకు మూడు చొప్పున ముల్లును అలయు గల ఒక విలక్షణమైన గీత కనబడునని చూపిరి. ఈ చిన్నమూర్ఛలో పిల్లవాడు పడిపోడు, కొట్టుకొనడు. పది సెకనులపాటు చూపు నిలిచిపోవును, రెప్పలు కొద్దిగా అల్లలాడును, మరల ఏమియు జరుగనట్లు ఉన్న పనిలో పడును. మందు లేనిచో ఇట్టివి రోజునకు పదులకొలది రావచ్చును. 1939లో అదే నగరమున ష్వాబ్ అను వైద్యుడు ఇట్టి రోగులను తీగలతో యంత్రమునకు కలిపి కూర్చుండబెట్టి, సంకేతము వచ్చినంతనే మీట నొక్కవలెనని చెప్పి, కాలమును కొలిచెను. కాగితముమీద ఆ గీత నడచుచున్నంతసేపు మీటనొక్కుట ఆలస్యమగును, లేదా అసలే జరుగదు. బయటికి మూర్ఛ జాడ కనబడనప్పుడును కొందరిలో ఇట్లే జరిగెను.

దీనిని బడిగదిలో ఊహించి చూడుడు. ఉపాధ్యాయుడు, “కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టి, విజయవాడ మీదుగా ప్రవహించి, హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది” అని చెప్పుచున్నాడు. ఆ వాక్యము నడుమ ఒక బాలికకు ఆరు సెకనులు లోపించినవి. ఆమెకు వినబడినది “కృష్ణానది... సముద్రంలో కలుస్తుంది” అనుమాత్రమే. మరునాడు “కృష్ణ ఎక్కడ పుట్టిందే?” అని అడిగినచో ఆమె నేల చూపులు చూచును. “నిన్ననే చెప్పానుగా, అప్పుడే మరచిపోయావా? ఎప్పుడూ పరధ్యానమే” అని మందలింపు. ఆమె మరచినది లేదు. మరచుటకైన ముందు లోపలికి చేరవలెను గదా! ఎక్కములు అప్పజెప్పునపుడు ఒక మెట్టు తప్పిపోవుట, డిక్టేషనులో రెండు మాటలు ఎగిరిపోవుట, అమ్మ చెప్పిన మూడు పనులలో నడిమిది జరుగకపోవుట, వీనికి సోమరితనమన్న పేరు ఎందరు పిల్లల వీపులమీద బెత్తముతో వ్రాయబడినదో లెక్కించినవారు లేరు.

లెన్నాక్సు ఈ శాస్త్రమునకు ఋజుత్వము తెచ్చినవారిలో ముఖ్యుడు. 1942లో ఆయన, మూర్ఛగలవారి బుద్ధి క్షీణించుటకు మెదడు దెబ్బ, మందులు, పరిసరములు అను కారణములను వేరువేరుగా విచారించి వ్రాసెను. బుద్ధిమాంద్యము ఒకే వేరునుండి మొలచినది కాదనియు, అందు కొన్ని వేళ్ళను మానవుడే నాటుచున్నాడనియు ఆ విచారణవలన తేటపడినది. 1947లో కాలిన్సుతో కలిసి, కాలనీలవారిని గాక ఇంటనుండి వచ్చి పోవుచున్న 300 మంది రోగులను పరీక్షింపగా, వారి సగటు ప్రజ్ఞ సామాన్యజనుల సగటుకు దిగువగా లేదని తేలెను. స్కిల్‌మన్ గ్రామపు లెక్కకు ఇంతకన్న తగిన జవాబు లేదు.

1953లో జరిగిన ఒక శస్త్రచికిత్స జ్ఞప్తి స్థానమును చూపెను, కాని దానికి చెల్లించిన వెల భయంకరము. హెన్రీ మోలైసన్ అను యువకునకు చిన్ననాటినుండియు మూర్ఛలు. ఏ మందుకును లొంగలేదు. ఇరువదియేడవ యేట హార్ట్‌ఫర్డు నగరమున స్కోవిల్ అను శస్త్రవైద్యుడు ఆయన మెదడున రెండు కణతల లోపలిభాగములను తొలగించెను. మూర్ఛలు తగ్గినవి, తెలివితేటలు తగ్గలేదు, ఐనను ఆనాటినుండి 2008లో మరణించువరకు జరిగిన సంగతి ఏదియు ఆయన మనస్సున నిలువలేదు. 1957లో బ్రెండా మిల్నరు ఈ స్థితిని వర్ణించినపుడు, 1825లో ఆ ఇద్దరు ఫ్రెంచి యువకులు గట్టిపడినదని గుర్తించిన ఆ చిన్నభాగమే క్రొత్తజ్ఞప్తులు నిలుచుటకు ద్వారమని లోకమునకు తెలిసినది. కణతభాగమున మూర్ఛ పుట్టు బిడ్డకు కథ అర్థమై, మరునాటికి జారిపోవుట ఎందువలననో అప్పటికి బోధపడెను. మూర్ఛ శస్త్రచికిత్స ఆ కాలముననే మనదేశమునకు వచ్చినది: మాంట్రియాలులో పెన్‌ఫీల్డునొద్ద నేర్చివచ్చిన జేకబ్ చాండీ, 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మెదడు శస్త్రచికిత్సా విభాగమును స్థాపించి, 1952లో అట్టి చికిత్సను ఆరంభించెను. రాయలసీమవారికి ఏ పెద్దరోగము వచ్చినను గుర్తువచ్చు ఆసుపత్రి అది.

1957లోనే అమెరికాలోని సెయింట్ లూయిసు నగరమున లాండౌ, క్లెఫ్‌నరు అనువారు మరియొక వింతను ప్రకటించిరి. చక్కగా మాటలాడుచున్న పిల్లలు క్రమముగా ఎదుటివారి మాట తెలియనివారై, తామును మూగవోయిరి. చెవిటివారేమో యనుకొన్న వారికి వినికిడి లోపము లేదు. లోపము మెదడున, మాటలను గ్రహించు తావున చెలరేగు విద్యుత్తునందుండెను. 1971లో పాత్రీ, ల్యాగూబీ, తాసినారి అనువారు, నిద్రపోయినంతనే మెదడంతట ఆ ముళ్ళగీతలు ఎడతెగక నడచు పిల్లలను వర్ణించిరి. తల్లికి కనబడునది నిద్రయే. పగలు నేర్చినది రాత్రి నిద్రలో స్థిరపడునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ పిల్లలకు ఆ రాత్రియే దక్కుట లేదు. 1984లో ఆర్ట్సు, బిన్నీ మున్నగువారు పరీక్షను టెలివిజను ఆటవలె మలచి, ఒకమారు మాటలను, ఒకమారు గడుల స్థానములను జ్ఞప్తియందుంచుకొనుమనిరి. ఎడమవైపు గీత లేచినపుడు మాటలు తప్పినవి, కుడివైపు లేచినపుడు స్థానములు తప్పినవి.

మందులపై సందేహమును తేల్చుటకు ఇంక ఆరేండ్లు పట్టినది. 1990లో అమెరికాలో ఫార్వెల్ అను వైద్యురాలును, ఆమె సహచరులును జ్వరమూర్ఛ వచ్చిన 217 మంది పసిబిడ్డలను రెండు పంక్తులుగా చేసి, ఒకరికి ఫీనోబార్బిటోన్, మరియొకరికి మందులేని మాత్ర నిచ్చిరి. రెండేండ్లకు మందు తీసికొన్నవారి ప్రజ్ఞాసూచి సగటున 8.4 పాయింట్లు తక్కువ. మందు మాన్పిన ఆరు నెలలకును 5.2 పాయింట్ల వ్యత్యాసము నిలిచియుండెను. వీరిది అపస్మారము కాదు, జ్వరమూర్ఛ. చాలవరకు మందే అక్కరలేని స్థితి. అందువలన ఆ నష్టము మరింత బాధాకరము. దీనికి ముందు 1983లో సెయింట్ లూయిసు నగరముననే, 72 మంది మూర్ఛబిడ్డలను ఏండ్లతరబడి పరీక్షించిన బూర్జ్వా బృందము, వారి సగటు ప్రజ్ఞ తరుగలేదనియు, తగ్గిన కొద్దిమందిలో మందుల మోతాదు విషస్థాయికి పోయిన సందర్భములు ఎక్కువనియు తెలిపినది.

2000 తరువాతి పరిశోధనలు మరియొక చిక్కును ముందుంచినవి. నెదర్లాండ్సులోను, అమెరికాలోను క్రొత్తగా మూర్ఛ గుర్తింపబడిన పిల్లల బడిచరిత్రను వెనుకకు త్రవ్విచూడగా, కొందరికి మొదటి మూర్ఛకు ముందే, మందు నాలుకకు తాకకముందే, చదువున వెనుకబాటు, అవధానలోపము ఉండినట్లు తెలిసినది. అనగా కొన్నియెడల మూర్ఛయు, మరపును రెండును మరింత లోతైన ఒకే వికారమునకు పుట్టిన సంతానము కావచ్చును. కావున బిడ్డకు చదువు పట్టుబడకున్నచో ఫిట్స్ ఆగువరకు వేచియుండుట తగదు. రోగము తెలిసిననాడే ధారణను, చదువుటను, లెక్కను విడివిడిగా పరీక్షింపవలెనని వైద్యులు నేడు కోరుచున్నారు.

ఫార్వెల్ ఫలితము చదివి గార్డినాల్‌ను పారవేయుటకు తొందరపడువారికి బెంగాలు గ్రామములలో జరిగిన ఒక పని తెలియవలెను. దేవ్ పాల్ అను వైద్యుడు తన బృందముతో 24 పరగణాల గ్రామములలో మూర్ఛగల 94 మంది పిల్లలను రెండు పంక్తులుగా పంచి, ఒకరికి ఫీనోబార్బిటోన్‌ను, మరియొకరికి ఫెనిటాయిన్‌ను ఇచ్చి, తల్లిదండ్రులను ప్రశ్నించి ప్రవర్తనను కొలిచెను. 1998లో ప్రకటితమైన ఆ ఫలితములలో, ఫీనోబార్బిటోన్‌వలన ప్రవర్తన మరింత చెడినదనుటకు ఆధారము కనబడలేదు. ఆ పల్లెలలో ఆ పిల్లలముందున్నది ఈ మందా, మేలైన మరియొక మందా అను ప్రశ్న కాదు; అతిచౌకయైన ఈ మాత్రయా, ఏ మందును లేకుండుటయా అన్నదే. ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో ఫీనోబార్బిటోన్ ఇప్పటికిని ఉన్నది.